మావయ్యగారి రైలు, మా ఊరి మిణుగురులు

పిల్లలూ, మా ఊరికి రెండు పేర్లున్నాయి. పాత పేరు బటాంగ్ బెర్జుంటై. 2007లో దాన్ని బెస్తారీ జయ అని మార్చారు. బోర్డుల మీద కొత్త పేరే ఉంటుంది. కానీ కూరగాయల కొట్టు ఆవిడ, మా పక్కింటి పెద్దాయన, అందరూ ఇంకా పాత పేరే అంటారు. అందుకని నేనూ అదే అంటాను. మలయ్ భాషలో 'బటాంగ్' అంటే చెట్టు కాండం, 'బెర్జుంటై' అంటే వేలాడుతున్నది.

ఇది మలేసియాలో సెలంగోర్ రాష్ట్రంలో, సెలంగోర్ నది పక్కన ఉంది. ఒకప్పుడు ఇక్కడ తగరం తవ్వేవాళ్ళు. తవ్వకాలు ఆగిపోయాక ఆ గోతుల్లో నీళ్ళు నిండి చెరువులయ్యాయి. ఇప్పుడు వాటి ఒడ్డున కొంగలు నిలబడి ఉంటాయి. ఇక ఎటు చూసినా పామాయిల్ తోటలే. మలేసియాలో వ్యాపారం కోసం మొట్టమొదటి పామాయిల్ తోట వేసింది కూడా మా ఊరి దగ్గరే, 1917లో. వేసినాయన ఆంరీ ఫోకోనియె అనే ఫ్రెంచి దేశస్థుడు. తర్వాత ఆయన మలేసియా గురించి నవల రాసి 1930లో ఫ్రాన్సులో గోంకూర్ బహుమతి కూడా తెచ్చుకున్నాడు. ఆ తోట పేరు తెన్నమరం. తమిళంలో తెన్నమరం అంటే కొబ్బరిచెట్టు. పామాయిల్ తోటకి కొబ్బరిచెట్టు పేరు! నాకైతే తమాషాగా ఉంటుంది.

మేము ఇక్కడికి వచ్చి మూడేళ్ళయింది. మా ఆయన యూనివర్సిటీలో లెక్కలు చెబుతారు. నేను విజయనగరంలో స్కూల్లో తెలుగు, సోషల్ చెప్పేదాన్ని. బీఈడీ చేశాను. ఇక్కడ నాకు ఉద్యోగం చేసే వీసా లేదు. అందుకని ఇంట్లోనే ఉంటూ, మీలాంటి పిల్లలకి తెలుగు నేర్పుతుంటాను. మా వీధిలో వాళ్ళు నన్ను 'చిక్‌గు' అని పిలుస్తారు. మలయ్‌లో టీచర్ని అలా అంటారు. అందులో చివర ఉన్న 'గు' ఏమిటో తెలుసా? మన 'గురు'వే!

ఇప్పుడు చెప్పబోయేది మా మావయ్యగారి గురించి. అంటే మా ఆయన నాన్నగారు, మా పాపకి తాతయ్య.

మావయ్యగారు వృక్షశాస్త్రం లెక్చరర్. వృక్షశాస్త్రం అంటే చెట్ల గురించి, మొక్కల గురించి చదివే చదువు. ఇల్లు విజయనగరంలో, కాలేజీ విశాఖపట్నంలో. మధ్యలో అరవై కిలోమీటర్ల పైన రైలు దారి. ముప్పై ఒక్క సంవత్సరాలు ఆయన రోజూ పొద్దున్న వెళ్ళి, రాత్రికి వచ్చేవారు. జేబులో సీజన్ టికెట్, భుజానికి గుడ్డ సంచి, సంచిలో అత్తయ్యగారు కట్టిచ్చిన క్యారేజీ, దిద్దాల్సిన పేపర్లు, నాలుగు పాత న్యూస్ పేపర్లు. న్యూస్ పేపర్లు చదవడానికి కాదు. దారిలో ఏదైనా మొక్క నచ్చితే దాన్ని ఆ కాగితాల మధ్య పెట్టి నొక్కి ఎండబెట్టడానికి. అలా ఎండబెట్టి, అట్ట మీద అతికించి, పేరు రాసి దాచుకునే మొక్కల్ని హెర్బేరియం అంటారు. మా ఇంట్లో బీరువా అడుగు అర నిండా అవే ఉంటాయి. నేను కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు పట్టుచీర పెట్టుకుందామని ఆ అర తీస్తే, ఎండిన ఉమ్మెత్త కాయ ఒకటి నా కాళ్ళ మీద పడింది.

ఆయన దారిలో వచ్చే స్టేషన్లు మా పెళ్ళయిన కొత్తలో నాకు పాఠంలా అప్పజెప్పించారు. కోరుకొండ, అలమండ, కంటకాపల్లి, కొత్తవలస, పెందుర్తి, సింహాచలం... ఒక్కో స్టేషన్‌కీ ఒక్కో చెట్టు ఆనవాలు. ఒకచోట తాటిచెట్లు, ఒకచోట నేరేడు, ఇంకోచోట కట్ట పొడుగునా పసుపు పచ్చటి తంగేడు. కొత్తవలస దగ్గర అరకు వెళ్ళే లైను విడిపోతుంది. ఏడాదికొకసారి స్టూడెంట్లని ఆ లైన్లో అరకు తీసుకెళ్ళేవారు. సొరంగం రాగానే పిల్లలందరూ కేకలు పెట్టేవాళ్ళట. "ఒక్క కేక వెయ్యని స్టూడెంటుని నేను నమ్మనమ్మా" అంటారు మావయ్యగారు.

ఆయన పీహెచ్‌డీకి పేరు రాయించుకున్నారు కానీ పూర్తి చెయ్యలేదు. ఇద్దరు కొడుకుల ఫీజులు, ఇంటి అప్పు, రోజుకి నాలుగు గంటలు రైల్లో. ఆయన ఎంచుకున్న విషయం ఏమిటంటే, రైలు పట్టాల పక్కన పెరిగే మొక్కలు. మీకు వింతగా ఉందా? మొక్కలు కూడా రైలెక్కి ప్రయాణం చేస్తాయి పిల్లలూ. ధాన్యం బస్తాల్లోంచి, పశువుల గడ్డిలోంచి గింజలు రాలి, పట్టాల పక్క కంకరలో మొలుస్తాయి. తెల్లటి పూలు పూసే వయ్యారిభామ అనే పిచ్చిమొక్క ఉంది. మన దేశంలో అది 1950లలో పుణె దగ్గర కనిపించింది. తర్వాత రోడ్ల పక్కన, పట్టాల పక్కన పాకుతూ దేశమంతా వచ్చేసింది. పేరు చూస్తే ఎంత ముద్దుగా ఉందో! ముట్టుకుంటే కొందరికి ఒళ్ళంతా దురదలు.

ఇలాంటివన్నీ ఆయన ఒక పొడుగు నోటు పుస్తకంలో రాసేవారు. థీసిస్ అవ్వలేదు కానీ పుస్తకాలు మాత్రం పదకొండు అయ్యాయి. మావయ్యగారికి ఇష్టమైన పాతకాలం శాస్త్రవేత్త ఒకాయన ఉన్నాడు, విలియం రాక్స్‌బర్గ్. స్కాట్లండ్ నుంచి వచ్చి, 1780లలో కాకినాడ దగ్గర సామర్లకోటలో తోట పెంచాడు. 1795లో కోరమాండల్ తీరం మొక్కల మీద పెద్ద పుస్తకం వెయ్యడం మొదలుపెట్టాడు. అందులో బొమ్మలు వేసింది మన దేశపు చిత్రకారులు. మొక్కకి లాటిన్ పేరుతో పాటు మన ఊరివాళ్ళు ఏమని పిలుస్తారో అడిగి, ఆ తెలుగు పేరు కూడా రాసుకున్నాడు. "దొరవారే మన పేరు అడిగి రాసుకుంటే, మనం మర్చిపోతే ఎలా" అని మావయ్యగారు ప్రతి బ్యాచికీ చెప్పేవారట. మా ఆయన కూడా ఆ మాట వినీ వినీ విసుగెత్తి లెక్కల్లో చేరానంటారు.

ఆ మావయ్యగారు కిందటి సంవత్సరం రెండు నెలలు ఉండడానికి మా ఇంటికి వచ్చారు. అత్తయ్యగారు రాలేదు. మా బావగారి అబ్బాయి పదో తరగతి, వాడికి వండిపెట్టాలని ఆగిపోయారు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. మా పాపకి ఎనిమిదేళ్ళు. ఇక్కడికి వచ్చేటప్పటికి ఐదు. స్కూల్లో ఇంగ్లీషు, మలయ్. ఆటల్లో కూడా అవే. ఇంట్లో తెలుగు మాట్లాడేది కానీ తప్పులు వచ్చేవి. నేను టీచర్ని కదా, ఊరుకోను. "అన్నం తిన్నాడు కాదు, తిన్నాను అనాలి." "వాళ్ళు వచ్చింది కాదు, వచ్చారు." నోరు తెరిస్తే సరిదిద్దడమే. మెల్లిగా ఏమైందంటే, పాప తెలుగులో మాట్లాడడమే మానేసింది. నేను తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు. లేకపోతే తల ఊపడం. తాతయ్య వచ్చిన రోజు కూడా విమానాశ్రయంలో దండం పెట్టి నా వెనక నిలబడింది. ఆయన "ఏమ్మా బంగారం" అంటే నవ్వింది, అంతే. మూడు రోజులు అలాగే నడిచింది. నాకు చాలా సిగ్గనిపించింది. తెలుగు టీచరమ్మ కూతురు తాతయ్యతో మాట్లాడదు!

నాలుగో రోజు పొద్దున్న ఇద్దర్నీ వాకింగ్‌కి పంపించాను. వెనకాల నేనూ వెళ్ళాను, కొంచెం దూరంగా. మా వీధి చివర పెద్ద గొడుగులాంటి చెట్టు ఉంది. మావయ్యగారు దాని మాను మీద చెయ్యి వేసి, "ఇదిగో, నిద్రగన్నేరు! నువ్వు కూడా ఇక్కడికి వచ్చేశావా?" అన్నారు చెట్టుతో. సాయంత్రం అయ్యేసరికి దాని ఆకులు ముడుచుకుంటాయి, అందుకే తెలుగులో ఆ పేరు. పాప అటూ ఇటూ చూసి నెమ్మదిగా, "పోకో పుకుల్ లీమా" అంది. మలయ్‌లో దాన్ని 'ఐదు గంటల చెట్టు' అంటారు. ఐదు గంటలకి నిద్రపోతుంది కాబట్టి.

మావయ్యగారి మొహం చూడాలి! వెంటనే సంచిలోంచి పన్నెండో నోటు పుస్తకం తీశారు. "మళ్ళీ చెప్పు. ఎలా రాయాలి? నువ్వే రాయి. తెలుగు అక్షరాల్లో రాయి, పెద్దగా." పాప రాసింది. ఇంకొంచెం ముందుకెళ్తే గడ్డిలో అత్తిపత్తి కనిపించింది. ముట్టుకుంటే ముడుచుకునే మొక్క. దానికి మలయ్‌లో 'సెమాలు' అని పేరు. 'మాలు' అంటే సిగ్గు. పాప దాన్ని బొటనవేలితో తాకి, ముడుచుకుంటుంటే నవ్వి, "షీ ఈజ్ షై" అంది. "సిగ్గుపడుతోంది అను" అని నా నోటి చివరిదాకా వచ్చింది. మావయ్యగారు నావైపు తిరిగి చూశారు. నేను నోరు మూసుకున్నాను.

అప్పటినుంచి రోజూ పొద్దున్న అదే పని. ఆయన తెలుగు పేరు చెబుతారు, పాప మలయ్ పేరు కనుక్కుంటుంది. తనకి తెలియకపోతే పక్కింటి పెద్దాయన్ని అడుగుతుంది. లావు స్కెచ్ పెన్నుతో ఇంత ఇంత అక్షరాలు రాస్తుంది. పెద్ద అక్షరాలు ఎందుకో నాకు అప్పుడు తట్టలేదు. చిన్నపిల్ల కదా, పెద్దగా రాస్తోంది అనుకున్నాను.

ఒక శనివారం మావయ్యగారు "ఇక్కడి రైలు ఎక్కాలి" అన్నారు. మా ఊళ్ళో రైలు స్టేషన్ లేదు. రావాంగ్ దాకా కారులో వెళ్ళి, అక్కడ కొమ్యూటర్ రైలు ఎక్కి, కెపోంగ్‌లో దిగి, అడవి పరిశోధన సంస్థకి వెళ్ళాలని ప్లాను. "నేరుగా కారులో వెళ్తే తొందరగా చేరతాం నాన్నా" అన్నారు మా ఆయన. "రైలున్న చోట కారెందుకురా" అన్నారు ఆయన. అంతే, ఇంక మాట లేదు. మా ఆయన సంచిలో దిద్దాల్సిన పేపర్లు కూడా పెట్టుకున్నారు. తండ్రీ కొడుకులు ఈ విషయంలో ఒకటే!

రావాంగ్ స్టేషన్లో మావయ్యగారు పట్టాలు చూడగానే, "మీటర్ గేజి!" అన్నారు. ఇక్కడ రెండు పట్టాల మధ్య దూరం సరిగ్గా 1 మీటరు. మన దగ్గర బ్రాడ్ గేజి, అంటే 1676 మిల్లీమీటర్లు. మన దేశంలో మీటర్ గేజి దాదాపు పోయింది. ఇక్కడేమో దాని మీదే కరెంటు రైళ్ళు జుమ్మని పోతాయి. టికెట్ కాగితం లేదని మాత్రం ఆయనకి కొంచెం నిరాశ. గేటు దగ్గర కార్డు ఆనిస్తే చాలు.

రైలు వచ్చింది. మధ్యలో ఆడవాళ్ళకి వేరే పెట్టె ఉంటుంది, గులాబీ రంగు బోర్డు ఎంత దూరం నుంచైనా కనిపిస్తుంది. మావయ్యగారు హుందాగా నడుచుకుంటూ వెళ్ళి ఆ పెట్టెలోనే కాలు పెట్టబోయారు. పాప చొక్కా పట్టుకుని లాగింది. "తాతయ్యా! అది కాదు! అది అమ్మల బోగీ!"

అందరం నవ్వాం. ఆయనా నవ్వారు. నేను తెలుగు మాట విని పొంగిపోయాను. ఇంకే ఆలోచనా రాలేదు. ప్లాట్‌ఫారానికీ రైలుకీ మధ్య సందుని ఆయన కాలితో తడిమి చూసుకోవడం గమనించాను కూడా. పెద్దవాళ్ళు జాగ్రత్తగా ఉంటారులే అనుకున్నాను.

కువాంగ్ దాటింది, సుంగై బులో దాటింది. కిటికీ బయట పామాయిల్, అరటి, మళ్ళీ ఇళ్ళు, మళ్ళీ పచ్చదనం. మావయ్యగారు పాపని అడుగుతూ ఉన్నారు. "పట్టాల పక్కన పసుపు పూలున్నాయా? ఎత్తుగా ఉన్నాయా, పొట్టిగా ఉన్నాయా?" పాప అద్దానికి ముక్కు ఆనించి, "ఉన్నాయి... పొట్టి... ఇప్పుడు లేవు... మళ్ళీ ఉంది" అని చెబుతోంది. తాతయ్య ఆడిస్తున్నారని అనుకున్నాం.

కెపోంగ్‌లోని ఆ అడవి మనుషులు నాటినది. ఒకప్పుడు అక్కడా తగరం తవ్వి పాడుచేసిన నేలే. 1920లలో మొదలుపెట్టి చెట్లు నాటారు. ఇప్పుడు చూస్తే ఎప్పటినుంచో ఉన్న అడవి అనుకుంటాం. 2025లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడ కపూర్ అనే చెట్లున్నాయి. చాలా ఎత్తు. కింద నిలబడి పైకి చూస్తే ఒక వింత కనిపిస్తుంది. ఒక చెట్టు కొమ్మలు పక్క చెట్టు కొమ్మల్ని తాకవు. రెండింటి మధ్య సన్నటి ఖాళీ ఉంటుంది. ఆకాశం మీద వెండి గీతలు గీసినట్టు, ఎండిన చెరువు మట్టి పగుళ్ళిచ్చినట్టు కనిపిస్తుంది. గాలికి కొమ్మలు రాసుకుని చిగుళ్ళు విరగడం వల్ల అని కొందరు, పక్క చెట్టు నీడ తగిలి ఆగుతాయని కొందరు శాస్త్రవేత్తలు అంటారు.

ఇంకో సంగతి. చక్కెర పొంగలిలో, తిరుపతి లడ్డూలో వేసే పచ్చకర్పూరం ఉంది కదా, అది పూర్వం ఈ కపూర్ చెట్టు నుంచే వచ్చేది. సుమత్రా దీవిలో బారుస్ అనే రేవు నుంచి ఓడల్లో మన దేశానికి తెచ్చేవాళ్ళు. మావయ్యగారు రాలిన ఆకు నలిపి పాప ముక్కు దగ్గర పెట్టారు. పాప వాసన చూసి, "పూజ రూమ్!" అంది. తర్వాత, "తాతయ్యా, కపూర్ అంటే చాక్‌పీస్ కూడా" అంది. నిజమే, మలయ్‌లో సుద్దనీ కపూర్ అనే అంటారు. "అయితే ముప్పై ఒక్క ఏళ్ళు కపూర్ పట్టుకునే బతికానన్నమాట" అని ఆయన పకపకా నవ్వారు.

పైకి చూస్తూ ఆయన ఆ వెండి గీతలు చూపుడు వేలితో గాలిలో గీశారు. అవి ఆయనకి బాగా కనిపించాయి. కింద ఉన్న వేరు కనిపించలేదు. ఎడమ వైపు, మోకాలంత ఎత్తు వేరు. తగిలి పడిపోయారు.

పెద్ద దెబ్బ కాదు. మోకాలు గీరుకుంది, కళ్ళజోడు వంగింది. బెంచీ మీద కూర్చోబెట్టి నీళ్ళిచ్చాం. మా ఆయన అడిగారు, "అంత పెద్ద వేరు కనపడలేదా నాన్నా?"

మావయ్యగారు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చెప్పారు. రెండేళ్ళుగా నీటికాసులు. ఇంగ్లీషులో గ్లాకోమా అంటారు. కంట్లో ఒత్తిడి పెరిగి, మెదడుకి చూపు మోసే నరం మెల్లిగా దెబ్బతింటుంది. ఎక్కువగా పక్క చూపు ముందు పోతుంది. నొప్పి ఉండదు కాబట్టి చాలామందికి తెలియదు. ఆయనకి ఎడమ వైపు బాగా పోయింది. మసక వెలుతురులో ఇంకా కష్టం. "పోయిన చూపు రాదు, ఉన్నది నిలబెట్టుకోవాలి అన్నాడు డాక్టరు. చుక్కలు వేసుకుంటున్నాను." రోజూ రాత్రి ఆయన వేసుకునే చుక్కలు కళ్ళు పొడిబారకుండా అనుకున్నాం మేము.

"మరి మాకెందుకు చెప్పలేదు?" మా ఆయన గొంతు వణికింది. కోపమో ఏడుపో నాకు తెలియలేదు.

"చెబితే రానిచ్చేవాడివా? మీ అమ్మకీ చెప్పలేదు. చూపున్నప్పుడే ఒకసారి మీ ఊరు చూద్దామని వచ్చాను."

అప్పుడు అర్థమైంది నాకు పెద్ద అక్షరాల సంగతి, గులాబీ బోర్డు సంగతి, రైల్లో పూల సంగతి. పాప బెంచీ చివర కూర్చుని అంతా వింది. ఎంత అర్థమైందో అనుకున్నాను. తిరిగి వెళ్ళేటప్పుడు ఎవరూ చెప్పకుండానే లేచి, ఆయన ఎడమ వైపుకి వెళ్ళి చెయ్యి పట్టుకుంది.

ఆ తర్వాత నెల రోజులు మా పాప నోటికి తాళం లేదు. "తాతయ్యా మెట్టు." "రాయి ఉంది, పెద్ద రాయి." "కుక్క పడుకుంది, ఇటు రా." ఒకరోజు వాన వెలిశాక నడుస్తూ, "తాతయ్యా, ముందర నీళ్ళు వస్తోంది" అంది. నా నాలుక ఊరుకోదు కదా. "నీళ్ళు వస్తున్నాయి అనాలమ్మా" అన్నాను. మావయ్యగారు ఆగి, "అమ్మా, నేను గుంటలో కాలు పెట్టకముందే చెప్పిందా లేదా?" అన్నారు. ఇప్పుడు నా క్లాసులో పిల్లలు తప్పు మాట్లాడితే ముందు నాకు ఆ గుంట గుర్తొస్తుంది.

ఇంక మిణుగురుల విషయానికొస్తాను. మిణుగురు అంటే రాత్రిపూట మెరిసే చిన్న పురుగు. మా ఊరి నుంచి నది వెంబడి సముద్రం వైపు వెళ్తే కంపుంగ్ కువాంతాన్ అనే పల్లె ఉంది. అక్కడ నది ఒడ్డున బెరెంబాంగ్ అనే చెట్లుంటాయి. మడ అడవుల చెట్టు. మన కోరింగ దగ్గర ఉన్నాయే, బురదలోంచి పైకి ఊపిరి వేళ్ళు పొడుచుకొచ్చే చెట్లు, అలాంటివి. ఆ ఆకుల మీద వేల మిణుగురులు కూర్చుని అన్నీ ఒకేసారి వెలిగి, ఒకేసారి ఆరుతాయి. వీటి పిల్ల పురుగులు నది ఒడ్డు తడి నేలలో నత్తల్ని తిని పెరుగుతాయి. ఒడ్డున చెట్లూ పొదలూ కొట్టేస్తే మిణుగురులూ ఉండవు.

వెళ్ళే ముందు రోజు రాత్రి భోజనాల దగ్గర మా ఆయన ఒక కథ చెప్పారు. 1917లో ఫిలిప్ లారెంట్ అనే ఆయన ఒక సైన్సు పత్రికకి రాశాడట. పురుగులు ఒకేసారి మెరవడం కళ్ళారా చూసి కూడా నమ్మలేదు, తన కనురెప్పలే కొట్టుకుంటున్నాయి అనుకున్నాడట! 1965లో జాన్ బక్, ఎలిజబెత్ బక్ అనే దంపతులు థాయిలాండ్ వెళ్ళి, మిణుగురులని పట్టుకుని హోటల్ గదిలో చీకట్లో వదిలి చూశారు. గోడల మీద వాలి, కాసేపటికి పక్కపక్కనున్నవి కలిసి మెరవడం మొదలుపెట్టాయి. వాటికి లీడర్ ఎవరూ లేరు. పక్కవాడి మెరుపు చూసి ప్రతి పురుగూ తన మెరుపుని కొంచెం సర్దుకుంటుంది. 1990లో మిరోల్లో, స్ట్రోగాట్జ్ అనే ఇద్దరు లెక్కలతో దీన్ని నిరూపించారు. "చప్పట్లు కొడుతూ కొడుతూ హాలంతా ఒకే తాళంలోకి వచ్చినట్టు" అని మా ఆయన బల్ల మీద కొట్టి చూపించారు. మావయ్యగారు మురిసిపోయారు. కొడుకు మళ్ళీ జీవశాస్త్రంలోకి వచ్చాడని!

చంద్రుడు లేని రాత్రి అయితే బాగా కనిపిస్తాయి. అందుకని అమావాస్య ముందు రోజు వెళ్ళాం. ఫోన్లో అత్తయ్యగారు ఒకటే కేకలు. "అమావాస్య దగ్గర పెట్టుకుని నదిలో పడవ ఎక్కుతారా? మీకు మతి ఉందా?"

మోటారు లేని చిన్న పడవ. నలుగురం కూర్చున్నాం, లైఫ్ జాకెట్లు వేసుకుని. పడవ నడిపే ఆయన తెడ్డు చప్పుడు తప్ప ఏమీ లేదు. మలుపు తిరగ్గానే చెట్టు కనిపించింది. నేను ఎన్నో చూశాను కానీ అలాంటిది చూడలేదు. చెట్టంతా వెలిగింది. ఆరింది. వెలిగింది. ఎంత వేగంగానో.

"వచ్చామా?" అన్నారు మావయ్యగారు.

ఎవరికీ నోరు రాలేదు. ఆయన చెట్టు వైపే తిరిగి ఉన్నారు. ఆ చిన్న వెలుగు ఆయన కళ్ళకి అందలేదు. మా ఆయన తల దించుకున్నారు. నేను ఏదో చెప్పాలనుకున్నాను. ఇన్నేళ్ళు తెలుగు చెప్పినదాన్ని, ఒక్క మాట దొరకలేదు.

పాప ఆయన అరచెయ్యి తెరిచి తన ఒళ్ళో పెట్టుకుంది. వేలితో కొట్టడం మొదలుపెట్టింది. టిక్ టిక్ టిక్ టిక్. చెట్టు వెలిగినప్పుడల్లా ఒకసారి. "ఇలాగ తాతయ్యా. అన్నీ ఒకేసారి. చెట్టు మొత్తం. దీపావళి లాగ, కానీ సౌండ్ లేదు."

"రంగు?"

"పచ్చ... పచ్చ కొంచెం, పసుపు కొంచెం. నిమ్మకాయ!"

"పక్క చెట్టు కూడా దీంతో కలిసే కొడుతోందా?"

పాప మెడ తిప్పి చూసింది. "లేదు. అది కొంచెం లేటు." రెండో చేత్తో ఆయన రెండో అరచెయ్యి అందుకుంది. ఒక చేతిలో ఈ చెట్టు, ఒక చేతిలో ఆ చెట్టు. కాసేపటికి తాళం తప్పి, "తాతయ్యా ఆగు, ఆగు, మళ్ళీ" అని మొదలుపెట్టింది. మావయ్యగారు ఇంకా అడుగుతూనే ఉన్నారు. ఆకు పైనా, కిందా? కొమ్మ చివరా, మధ్యలోనా? కొన్నింటికి పాప దగ్గర జవాబుంది, కొన్నింటికి లేదు. తెలుగు మాట రాకపోతే మలయ్ మాట వేసింది. పడవ ఒడ్డుకి చేరేదాకా కొడుతూనే ఉంది.

దిగాక ఆయన అరచేతులు రుద్దుకుంటూ, "తిమ్మిరెక్కించేసింది నా చేతుల్ని" అన్నారు. కారులో ఇద్దరూ నిద్రపోయారు.

తర్వాతి వారం ఆయన విజయనగరం వెళ్ళిపోయారు. అత్తయ్యగారికి అంతా చెప్పాలని మా ఆయన మాట తీసుకున్నారు, చెప్పారు కూడా. వారం రోజులు ఆవిడ ఆయనతో మాట్లాడలేదట. ఇప్పుడు ఆయనకి రోజూ చుక్కలు వేసేది ఆవిడే.

పన్నెండో నోటు పుస్తకం ఆయన ఇక్కడే వదిలేశారు. సగం ఖాళీగా ఉంది. మొన్న సర్దుతుంటే తీసి చూశాను. ఆ రాత్రి పేజీలో లాటిన్ పేరు మా ఆయన రాశారు. కింద స్కెచ్ పెన్నుతో, ఒక్కో అక్షరం అరటిపండంత, 'మినుగురు' అని ఉంది. 'ణ' రాయాల్సిన చోట 'న'. ముప్పై ఒక్క ఏళ్ళు పేపర్లు దిద్దినాయన దాన్ని దిద్దలేదు. పక్కన తేదీ వేసి, సంతకం పెట్టారు.

ఆదివారాలు పాప ఫోన్ చేస్తుంది. నిద్రగన్నేరు కాయలు రాలుతున్నాయని మొన్న చెప్పింది. "ఎన్ని రాలాయి? లెక్కపెట్టావా?" అని అడిగారట. చెప్పులు వేసుకుని వీధి చివరికి పరుగెత్తింది.